అమ్మకో నాన్నకో క్యాన్సర్ వచ్చిన ఇంటికి డబ్బు ఎప్పుడు కావాలి?

తెలిసినవాళ్ల ఇంట్లో అమ్మకో నాన్నకో క్యాన్సర్ అని తేలగానే మొదటి వారమంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "ఏం కావాలన్నా అడుగు, మొహమాటపడకు" అని అందరూ అంటారు, మనస్ఫూర్తిగానే అంటారు, కొందరు ఆ రోజే ఎంతో కొంత పంపేస్తారు కూడా. నాలుగైదు నెలలు గడిచేసరికి ఆ ఫోన్లు తగ్గిపోతాయి. చిక్కేమిటంటే ఆ ఇంట్లో డబ్బుకి అసలు కటకట మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మొదట్లో ఏదో ఒక ఆధారం ఉంటుంది, దాచుకున్నదో, ఇన్సూరెన్సో, ఆఫీసులో మిగిలిన సెలవులో, క్రెడిట్ కార్డులో ఇంకా వాడని లిమిటో. అవన్నీ ఒక్కొక్కటిగా అయిపోయే వేళకి చుట్టుపక్కలవాళ్లకి ఈ వార్త పాతబడిపోతుంది. అందుకే సాయం చేద్దామనుకునేవాళ్లు ఎంత ఇవ్వాలి అని ఆలోచించే ముందు, ఆ ఇంట్లో ఏ ఖర్చు ఎప్పుడు మీద పడుతుందో తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ఇది తెలుసుకోవడం అంత తేలిక కాదు, ఎందుకంటే క్యాన్సర్ ఖర్చు ఒక్క బిల్లుగా రాదు. ముందు బయాప్సీ, స్కాన్లు, రక్తపరీక్షలు. అప్పటికింకా ఏ రకం క్యాన్సరో, ఏ స్టేజో కూడా తేలదు, డబ్బు మాత్రం అయిపోతూ ఉంటుంది. తర్వాత ఆపరేషనా, కీమోనా, రేడియేషనా, మూడూనా, వాటిలో ఏది ముందు ఏది వెనక అన్నది జబ్బుని బట్టి ఉంటుంది. ఆపైన కొందరికి మాత్రలు ఏళ్ల తరబడి నడుస్తాయి. హార్మోన్ మందులకి లొంగే రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ అయ్యాక వేసుకునే మాత్రలు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు కూడా వాడిస్తారు. మొదట్లో చేతికిచ్చే ఎస్టిమేట్ ఇంత పొడవు దారిలో ఒక ముక్కకే, చాలాసార్లు ఆపరేషన్‌కో మొదటి కొన్ని కీమోలకో. దాన్ని చూసి "ఇంతే కదా, ఎలాగో సర్దేద్దాం" అని లెక్క వేసుకున్న ఇళ్లే తర్వాత కిందా మీదా పడతాయి.

ఒక్క కీమో సైకిల్‌ని, అంటే ఒక విడతని, దగ్గర్నుంచి చూస్తే సంగతి అర్థమవుతుంది. వారం వారం ఇచ్చేవీ, పద్నాలుగు రోజులకోసారి ఇచ్చేవీ ఉన్నా, చాలా కీమోలు 21 రోజులకోసారి ఇస్తారు. ఎక్కించే ముందు రక్తపరీక్ష ఉంటుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు సరిపడా ఉంటేనే మందు ఎక్కిస్తారు, తక్కువ ఉంటే వాయిదా. "కౌంట్ రాలేదు, వచ్చే వారం రండి" అనడం డాక్టర్‌కి రోజూ ఉండేదే. ఇంట్లోవాళ్లకి మాత్రం కూతురు పెట్టిన సెలవు పోయింది, మాట్లాడుకున్న కారు కిరాయి పోయింది, దూరం నుంచి వచ్చి ఉంటే గది అద్దె పోయింది, వచ్చే వారం మళ్లీ ఇవన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఇవేవీ హాస్పిటల్ బిల్లులో కనిపించవు, కనిపించవు కాబట్టి చాలా ఇన్సూరెన్స్ పాలసీలు వీటి జోలికి రావు, చుట్టాలకి కూడా "ఇన్సూరెన్స్ ఉందిగా, ఇంకేంటి" అనిపిస్తుంది.

దీనికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. కీమో ఎక్కించాక ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోయేది, మందుని బట్టి కాస్త అటూ ఇటూగా, ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య. ఆ రోజుల్లో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, దాటిందంటే అర్ధరాత్రయినా సరే హాస్పిటల్‌కి ఫోన్ చేసి బయల్దేరాల్సిందే. ఒక మాత్ర వేసి పొద్దున్నదాకా చూద్దాం అనుకునే జ్వరం కాదది. చాలామందిని చేర్చుకుని యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు, కొన్ని రోజులు ఉంచుతారు. ఈ అడ్మిషన్ ఏ ఎస్టిమేట్‌లోనూ రాసి ఉండదు. ఆ రాత్రి డిపాజిట్ కట్టడానికి చేతిలో డబ్బు లేదని తెల్లారేదాకా ఆగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, కానీ ఆగేవాళ్లు ఆగుతూనే ఉంటారు, ఎందుకంటే అర్ధరాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేసి అప్పు అడుగుతారు? అందుకే మీరు ఒక్కసారే ఇవ్వగలిగే స్థితిలో ఉంటే ఇది చేయండి: ఆ మొత్తాన్ని ముందే వాళ్ల అకౌంట్లో వేసి, "ఇది జ్వరం వస్తే వాడాల్సిన డబ్బు, ఇంక దేనికీ తీయొద్దు, వాడకపోతే వచ్చే సైకిల్‌కి ఉంటుంది" అని చెప్పి పెట్టండి. ఆ వారంలో రాత్రిపూట పిలిస్తే బండి తీసుకుని వచ్చే మనిషి ఒకరు ఎవరో ముందే అనుకుని ఉంటే ఇంకా మంచిది.

ఖర్చు ఒక పక్కైతే రాబడి ఆగిపోవడం ఇంకో పక్క. జబ్బుపడిన మనిషి సంపాదన ఆగుతుంది, వాళ్లని చూసుకునే మనిషిది కూడా సగం పడుతుంది, రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో అయితే రెండూ ఒకే వారంలో ఆగిపోతాయి. రేడియేషన్ మామూలుగా వారానికి ఐదు రోజులు ఇస్తారు. మెషీన్ కింద పడుకునేది కొద్ది నిమిషాలే, పోయి రావడానికి మాత్రం పూట మొత్తం గడిచిపోతుంది. ఇలా కొన్ని వారాలు నడిస్తే ఏ ఉద్యోగమైనా ఎంతకాలం ఊరుకుంటుంది? మీ దగ్గర డబ్బు లేకపోయినా ఒక రోజు ఆ పెద్దాయనకి తోడుగా మీరు వెళితే కొడుక్కి ఒక రోజు జీతం మిగిలినట్టే. "నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు" అని మొహం చాటేసేవాళ్లకి ఈ లెక్క ఎందుకు తట్టదో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇదంతా ఏదో ఒకరిద్దరి కథ కాదు. ఆగ్నేయాసియాలో ఎనిమిది దేశాలకి చెందిన 9,513 మంది రోగులని ఏడాది పాటు గమనించిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 29 శాతం మంది చనిపోయారు. ఇంకో 48 శాతం మంది ఇళ్లలో ఏడాది ఆదాయంలో 30 శాతం, అంతకంటే ఎక్కువ కూడా, సొంత డబ్బు వైద్యానికి పోయింది. మనిషీ దక్కి, ఇల్లూ కుదేలవకుండా బయటపడ్డవాళ్లు నలుగురిలో ఒకరు కూడా లేరు. డబ్బున్న దేశాల్లో బాగుంటుందేమో అనుకుంటాం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో చూస్తే క్యాన్సర్ వచ్చినవాళ్లు దివాలా తీసే అవకాశం రానివాళ్లకంటే 2.65 రెట్లు ఎక్కువని 2013లో తేలింది. అదే ఏడాది వచ్చిన ఇంకో అమెరికా అధ్యయనంలో ఇన్సూరెన్స్ ఉన్న 254 మంది రోగుల్ని అడిగితే, దాదాపు సగం మంది తిండి, బట్టల ఖర్చు తగ్గించుకున్నామన్నారు, ఐదుగురిలో ఒకరు డాక్టర్ రాసినదానికంటే తక్కువ మందు వేసుకున్నామన్నారు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. తల్లిదండ్రులు ఇది పిల్లలకి చెప్పరు. పిల్లవాడు అప్పుల పాలవుతున్నాడని నాన్న రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటాడు, వాంతులు తగ్గే మాత్ర అసలు వేసుకోకుండా దాచిపెడతాడు, అడిగితే "వేసుకుంటున్నా లేరా" అంటాడు. పట్టుకోవాలంటే స్ట్రిప్ చూడాలి. ఏ తారీఖున కొన్నారు, ఇప్పటికి ఎన్ని అయిపోవాలి, ఎన్ని మిగిలాయి. లెక్క తేడా వస్తే కోప్పడే పని లేదు, ఆ మందు కొనే బాధ్యత మొత్తంగా ఒకరు తీసుకుని, "ఈ మందుకి నువ్వు డబ్బు గురించి ఆలోచించకు నాన్నా, ఇది అక్క చూసుకుంటోంది" అని ఆయనకి తెలిసేలా చేస్తే చాలాసార్లు మాత్రలు మళ్లీ టైముకి పడతాయి.

ఇక సాయం ఎలా అడగాలి, ఎలా ఇవ్వాలి అన్నది. "ఏం కావాలన్నా అడుగు" అన్న మాటతో ఒక ఇబ్బంది ఉంది, అడిగే పని మళ్లీ వాళ్ల నెత్తినే పడుతుంది. నోరు తెరిచి డబ్బు అడగడం ఎంత కష్టమో అందరికీ తెలుసు, అందులోనూ హాస్పిటల్ వరండాలో కూర్చుని. దాని బదులు ఇలాంటి మెసేజ్ పెట్టండి: "వచ్చే ఆరు నెలలు మీ కరెంటు బిల్లు, పాప స్కూల్ బస్సు డబ్బులు నేను కడతాను, నంబర్లు పంపు చాలు." ఇప్పుడు అవతలివాళ్లు చేయాల్సింది నంబర్లు పంపడమే. ఒక బిల్లుని పేరు పెట్టి మీద వేసుకోవడంలో ఇంకో సుఖం ఏంటంటే, ఇచ్చిన డబ్బు ఎటు పోయిందో అని మీ మనసులోనూ ఉండదు, లెక్క చెప్పాలేమో అని వాళ్లకీ ఉండదు. మొత్తం చిన్నదైనా పర్వాలేదు, వేడి నీళ్లకు చన్నీళ్లు తోడు, కానీ నెలనెలా ఒకే తారీఖున పడాలి. ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద మొత్తం కంటే ఐదో తారీఖున కచ్చితంగా వచ్చే చిన్న మొత్తం మీద ఒక ఇల్లు నడుస్తుంది.

ఏ బిల్లు తీసుకోవాలో తేల్చుకోలేకపోతే ఇన్సూరెన్స్ ప్రీమియం తీసుకోండి. చేతిలో డబ్బు ఆడనప్పుడు ముందుగా వెనక్కి నెట్టేది దాన్నే, ఎందుకంటే కట్టకపోతే ఆ రోజుకి ఏమీ ఆగదు. కానీ క్యాన్సర్ బయటపడ్డాక ఒక పాలసీ ల్యాప్స్ అయిందంటే అలాంటిది కొత్తగా దొరకడం బాగా కష్టం, దొరికినా ఈ జబ్బుని పక్కన పెట్టేస్తారు. హెల్త్ పాలసీ, ఆ తల్లి లేదా తండ్రి పేరున ఉన్న లైఫ్ పాలసీ, రెండిటి రెన్యువల్ తారీఖులూ కనుక్కుని మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

చేబదులుగా ఇస్తున్నారో, ఊరికే ఇస్తున్నారో ఇచ్చే రోజే చెప్పాలి. "వీలున్నప్పుడు ఇద్దువుగానిలే" అనేది మంచితనంగా కనిపిస్తుంది గానీ, తీసుకున్నవాళ్లకి అది మోయలేని మాట. ఎప్పుడు వీలవుతుంది? క్యాన్సర్ ఇంట్లో వీలు అనేది ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? మధ్యలో వాళ్లు ఒక కొత్త చొక్కా కొనుక్కుంటే మీరు చూస్తారేమో అని భయపడేంత దూరం పోతుంది. తిరిగి రాకపోయినా పర్వాలేదు అనుకోగలిగే మొత్తమే ఇవ్వండి, ఇచ్చి "ఇది తిరిగి ఇవ్వక్కర్లేదు" అని నోటితో చెప్పండి. అప్పుగానే ఇవ్వగలిగితే అదీ తప్పు కాదు, కాకపోతే చికిత్స అయిన తర్వాత ఎన్నాళ్లకి, నెలకి ఎంత చొప్పున అన్నది ఒక మెసేజ్‌లో రాసి పెట్టుకోండి. ఎక్కువ వడ్డీకి తెచ్చే అప్పు, ఇల్లు తాకట్టు, ఈ రెండూ మాత్రం మిగతా దార్లన్నీ చూశాకే.

ఆ మిగతా దార్లలో చాలా వరకు హాస్పిటల్ లోపలే ఉంటాయి, మనం అడగం అంతే. డాక్టర్ దగ్గర డబ్బు మాట ఎత్తితే నాసిరకం వైద్యం చేస్తారేమో అని భయం. నిజానికి క్యాన్సర్ వైద్యంలో తక్కువ ఖర్చుతో, తక్కువ తిరుగుడుతో అదే ఫలితం వచ్చే చోట్లు ఉన్నాయి, అవి పరిశోధనల్లో తేలినవే. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియేషన్ సంగతే చూడండి. మూడు వారాల్లో 15 విడతలుగా ఇచ్చేదాన్ని ఒక్క వారంలో ఐదు విడతల్లో ఇచ్చినా, ఐదేళ్ల తర్వాత చూస్తే జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో తీసిపోలేదని బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ అనే ట్రయల్ 2020లో చూపించింది. అందరికీ అది సరిపోదు. సరిపోయేవాళ్లకి రెండు వారాల గది అద్దె, రెండు వారాల జీతం మిగులుతాయి. అలాగే క్యాన్సర్ ఎముకలకి పాకి నొప్పి పెడుతున్నప్పుడు, ఆ నొప్పి తగ్గడానికి ఒక్క విడత రేడియేషన్ కూడా చాలామందిలో పది విడతలంత పని చేస్తుంది, కొందరికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు గానీ. మందుల్లో చూస్తే, హెర్2 పాజిటివ్, అంటే హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే, రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్ అనే మందుకి ఇప్పుడు బయోసిమిలర్లు, అంటే దాదాపు దానిలాగే పనిచేసే వేరే కంపెనీల మందులు, ఉన్నాయి, వాటిలో మొదటిదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 డిసెంబర్‌లో ప్రీ-క్వాలిఫికేషన్, అంటే నాణ్యత, భద్రత, పనితీరు చూసి ఇచ్చే ఆమోదం, ఇచ్చింది. కాబట్టి "ఇంతకంటే చవకైనది ఏదైనా ఉందా" అని నసగడం కంటే సూటిగా అడగండి: ఈ మందుకి జెనరిక్ గానీ బయోసిమిలర్ గానీ ఉందా, రేడియేషన్ తక్కువ రోజుల్లో అయ్యే పద్ధతి అమ్మకి పనికొస్తుందా, ఈ స్కాన్ రిపోర్ట్‌ని బట్టి చికిత్సలో ఏదైనా మారుతుందా, ఈ రక్తపరీక్ష ఇంటి దగ్గర చేయించుకుని రిపోర్ట్ పంపితే సరిపోతుందా. నిర్ణయం డాక్టర్‌దే, డోసు తగ్గించడం, గ్యాప్ పెంచడం లాంటివి ఇంట్లో కూర్చుని చేసే పనులు కావు. ఆ ప్రశ్న అడగడం మాత్రం మన పనే.

పెద్ద క్యాన్సర్ హాస్పిటళ్లలో మెడికల్ సోషల్ వర్కర్ అని ఒకరుంటారు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర గంటలు నిలబడేకంటే మొదటి వారంలోనే వాళ్లని కలవండి, ఏ ట్రస్టులు ఇస్తాయి, ప్రభుత్వం తరఫున ఏముంది, దూరం నుంచి వచ్చేవాళ్లకి ఉండటానికి ఎక్కడ దొరుకుతుంది అన్నది వాళ్ల దగ్గర ఉంటుంది. ఖరీదైన మందులకి కొన్ని కంపెనీలు సహాయ పథకాలు నడుపుతాయి, కొన్ని డోసులు కొంటే కొన్ని ఉచితం అన్న పద్ధతిలో. వీటిలో టైమింగ్ ముఖ్యం. మందు మొదలుపెట్టాక, రెండు డోసులు సొంతంగా కొన్నాక అప్లై చేస్తే ఆ రెండూ లెక్కలోకి రాకపోవచ్చు, అందుకని మొదటి డోసు కంటే ముందే అడగాలి. ఇన్సూరెన్స్ విషయంలోనూ అంతే. సెలైన్‌లో ఎక్కించే మందుకి డబ్బిచ్చే పాలసీ, ఇంట్లో మింగే మాత్రకి ఇవ్వకపోవచ్చు. ముందస్తు అనుమతి ఒక సైకిల్‌కా, మొత్తం చికిత్సకా అన్నది చూసుకోవాలి. పాలసీ ఏడాది ఎప్పుడు ముగుస్తుందో, ఏడాది పరిమితిలో ఎంత మిగిలిందో తెలియకుండా పెద్ద ఖర్చులోకి దిగకూడదు.

ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో చాలామంది ముందు దాని వైపే చూస్తున్నారు. అమెరికాలో వైద్యం కోసం పెట్టిన 200 విజ్ఞప్తుల్ని పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అనుకున్న మొత్తం చేరినవి పదింటిలో ఒకటి మాత్రమే, సగటున వచ్చింది అడిగినదాంట్లో 40 శాతం. స్నేహితులు, పరిచయాలు ఎక్కువున్నవాళ్లకి ఎక్కువ వస్తుంది, నిజంగా ఎవరూ లేనివాళ్లకి తక్కువ వస్తుంది. కాబట్టి అది ఉంటుందని నమ్మి అడ్వాన్సులు కట్టేయకండి. పెడితే మాత్రం మొత్తం వైద్యానికి అని కాకుండా ఫలానా ఆపరేషన్‌కి, ఫలానా రెండు నెలలకి అని అడగండి, డబ్బు నేరుగా హాస్పిటల్‌కి వెళ్లే ఏర్పాటు ఉంటే అది ఎంచుకోండి, మిగిలితే ఏం చేస్తారో ముందే రాయండి. అన్నిటికంటే ముందు అమ్మనో నాన్ననో అడగండి. జుట్టు రాలిన ఫొటో తనకి తెలియకుండా వందల మంది ఫోన్లలో తిరుగుతోందని తెలిస్తే ఆవిడకి ఎలా ఉంటుంది? ఫొటో వద్దంటే వద్దు, రిపోర్ట్ మీద పేరు, నంబర్లు చెరిపి పెట్టొచ్చు.

ఇంకో రకం ఖర్చు చుట్టాల ప్రేమ వల్ల వస్తుంది. ఎక్కడో ఎవరో పొడి ఇస్తారు, దాంతో కీమో అక్కర్లేదట అని పెద్దమ్మ పట్టు పడుతుంది, ఆవిడ డబ్బు ఇచ్చింది కూడా కాబట్టి కాదనడానికి నోరు రాదు. డబ్బు ఇచ్చినంత మాత్రాన చికిత్స నిర్ణయించే హక్కు రాదు. మీరు ఇచ్చేవాళ్లైతే దీన్ని గుర్తుపెట్టుకోండి, తీసుకునేవాళ్లైతే "డాక్టర్‌ని అడిగి చెప్తా పెద్దమ్మా" అన్న ఒక్క వాక్యాన్ని కంఠతా పట్టండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య గొడవలు ఎక్కువగా వచ్చేది ఎవరెంత ఇచ్చారన్న దాని మీద కాదు, లెక్కలోకి రానివాటి మీద. దూరంగా ఉన్న అన్న డబ్బు పంపుతాడు, దగ్గరున్న చెల్లెలు ఉద్యోగంలో సెలవు మీద సెలవు పెట్టి నాన్న వెంట తిరుగుతుంది. అన్న పంపింది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, చెల్లెలి జీతంలో కోత ఎక్కడా కనిపించదు, చివరికి "మొత్తం నేనే పెట్టుకున్నా" అన్న మాట ఎవరో ఒకరి నోటి వెంట వస్తుంది. అందరికీ కనిపించే ఒక షీట్ పెట్టుకుని, బిల్లులతో పాటు ఎవరు ఎన్ని రోజులు తోడు వెళ్లారో, ఎంత జీతం పోయిందో కూడా అందులో రాసుకుంటే సగం అపార్థాలు పుట్టవు. వెళ్లే మనిషి సొంత డబ్బులోంచి పెట్టుకుని తర్వాత అడుక్కునే పరిస్థితి లేకుండా ఒక ఉమ్మడి అకౌంట్లో ముందే వేసి ఉంచాలి. నాన్న ఓపికగా ఉన్నప్పుడే ఆయన పాలసీలు ఎక్కడున్నాయి, నామినీలు ఎవరు, ఏ అకౌంట్లోంచి ఏం కట్ అవుతోంది అన్నది ఆయన్నే అడిగి రాసుకోండి. ఇది అపశకునం అనుకుని ఎవరూ అడగరు, తర్వాత ఆయన డబ్బే ఆయన వైద్యానికి తీయలేక అవస్థ పడతారు. తన చికిత్సకి ఎంత అవుతోందో తెలుసుకునే హక్కు కూడా ఆయనకుంది, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో ఆయనే చెప్తారు.

చివరి కీమో అయిపోయిన రోజున అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పంపే డబ్బు కూడా ఆ నెలతో ఆపేస్తారు. అప్పటికి జీతం ఇంకా మొదలై ఉండదు, నీరసం నెలల తరబడి ఉంటుంది, కొన్ని నెలలకోసారి చెకప్‌లు, మధ్యలో స్కాన్లు వస్తూనే ఉంటాయి, కార్డు మీద వాడిన డబ్బుకి వాయిదాలు అప్పుడే మొదలవుతాయి. మీరు నెలనెలా ఏదైనా కడుతుంటే ఇంకో మూడు నాలుగు నెలలు కొనసాగించండి, ఆపాలనుకున్నప్పుడు ఒక నెల ముందే "వచ్చే నెల నుంచి కరెంటు బిల్లు మీరు చూసుకోగలరా?" అని అడగండి. కుదరదంటే ఇంకో నెల చూడండి.